బాలింతకు చైనా మందులా, మన పథ్యమా? సింగపూర్‌లో పురుడు పోసుకునేవారికి ఒక పోలిక

సింగపూర్‌లోని తెలుగు ఇళ్లలో ఏడో నెల రాగానే ఒక చర్చ మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మను పిలిపించుకోవాలా? పురుడు చూసుకోవడానికి నెలకు కుదుర్చుకునే చైనా ఆంటీని పెట్టుకోవాలా? లేక మందుల దుకాణంలో ఎర్రటి పెట్టెల్లో కనిపించే ముప్పై రోజుల మందులు తెచ్చుకుని మనమే కాచుకోవాలా? నాకు ఇద్దరు పిల్లలు. మొదటి పురుడు మలేసియాలోని ఈపో నుంచి వచ్చిన ఒక చైనా ఆంటీ చేతుల మీద గడిచింది. రెండోది మా అమ్మ చేతుల మీద. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోను చేసి అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకటే చెబుతున్నాను. డబ్బు పెట్టేటప్పుడు ముందు మనిషికి పెట్టండి, తర్వాత తిండికి పెట్టండి, అవసరమని తేలితేనే మందుకు పెట్టండి. చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తున్నారు. వందల డాలర్లు పోసి మందుల పెట్టె కొంటారు. రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే మనిషి మాత్రం ఇంట్లో ఉండదు.

నెల కూర్చోవడం

చైనీయులు ఈ కాలాన్ని జువో యుయెజి అంటారు. నెల కూర్చోవడం అని అర్థం. మామూలుగా 28 లేదా 30 రోజులు పాటిస్తారు. ఆపరేషన్ అయితే 40 రోజులు దాటించేవారూ ఉన్నారు. వాళ్ల వైద్యం చెప్పేది క్లుప్తంగా ఇది: ప్రసవంలో రక్తం పోతుంది, దానితో పాటు 'చీ' అనే ప్రాణశక్తి తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, చర్మరంధ్రాలు తెరుచుకుని గాలి, చలి లోపలికి చొరబడతాయి. మరోవైపు గర్భసంచిలో పాత రక్తం నిలిచిపోతుంది. అందుకని ముందు పాతదాన్ని కడిగేయాలి, తర్వాత కొత్తదాన్ని నింపాలి. తైవాన్ ఇళ్లలో ఈ సూత్రం నేరుగా వంటలోకి వచ్చేసింది. మొదటి వారం పంది కాలేయం, రెండో వారం నడుముకు బలమని మూత్రపిండాలు, మూడో వారం నుంచి అల్లం, నల్ల నువ్వుల నూనె, బియ్యపు సారాతో వండిన కోడి.

'పచ్చి ఒళ్లు, వాతం చేస్తుంది, చెవుల్లో దూది పెట్టుకో' అన్న మన అమ్మమ్మల మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. వావిలాకు వేసి కాచిన నీళ్లు మనకుంటే, అల్లం తొక్క, లెమన్‌గ్రాస్ వేసి కాచిన నీళ్లు వాళ్లకున్నాయి. మన నడికట్టు వాళ్లకూ ఉంది. మన శొంఠి వాళ్లకూ ఉంది. అందుకే చాలామంది తెలుగువాళ్లు 'రెండూ ఒకటే కదా' అనుకుని రెండూ కలిపి వాడతారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి. దాని గురించి తర్వాత చెబుతాను.

తేడా ఒకటుంది. మన పథ్యం ముందుగా అరుగుదలను చూస్తుంది. శొంఠిపొడి, వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, కాచిన నెయ్యి, పాత బియ్యపు అన్నం, ఆ తర్వాత బీరకాయ, పొట్లకాయ. అంతా పొడిపొడిగా, కొంచెం కొంచెంగా ఉంటుంది. చైనా పద్ధతి ముందుగా రక్తాన్ని చూస్తుంది. అందుకే అన్నీ మాంసపు సూపులు, కషాయాలు. పాలిచ్చే తల్లికి ద్రవం కావాలి కాబట్టి, ఈ ఒక్క విషయంలో వాళ్ల పళ్లెమే మేలని నా అభిప్రాయం. పెట్టగానే అరిగించుకోలేని కడుపుకు మన పథ్యం మేలు, ముఖ్యంగా ఆపరేషన్ అయిన మొదటి వారంలో.

ఆంటీ: అసలు విలువ ఎక్కడుంది

నెలకు కుదుర్చుకునే ఈ ఆంటీలు ఎక్కువగా మలేసియా నుంచి వస్తారు. సింగపూర్ ప్రభుత్వం వారికి ప్రత్యేకంగా పని అనుమతి ఇస్తుంది. అది బిడ్డ పుట్టిన రోజు నుంచి 16 వారాల వరకే చెల్లుతుంది. ఒప్పందం మాత్రం చాలావరకు 28 రోజులకే ఉంటుంది. మూడున్నర వేల నుంచి ఐదు వేల సింగపూర్ డాలర్ల దాకా అడగడం మామూలు. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో ఇంకా ఎక్కువ. వచ్చిన రోజు, వెళ్లే రోజు ఎర్ర కవరులో డబ్బు పెట్టి అంగ్‌పావ్ అనే కానుకగా ఇవ్వడం ఆనవాయితీ. ఏజెన్సీ రుసుము, అనుమతి ఖర్చు, ఆమె ప్రయాణ ఖర్చు విడిగా ఉంటాయి. ఇవన్నీ కలిపి చూసుకుని నిర్ణయించుకోండి.

ఇంత డబ్బుకు దొరికేది ఏమిటి? రాత్రంతా బిడ్డను ఆమె చూసుకుంటుంది. పాలకు మాత్రం తల్లి దగ్గరకు తెస్తుంది, తాగాక త్రేన్పు రప్పించి మళ్లీ పడుకోబెడుతుంది. తల్లికి రోజుకు మూడు పూటలా వేడిగా వండి పెడుతుంది. బిడ్డకు స్నానం చేయించడం, తల్లీబిడ్డల బట్టలు ఉతకడం ఆమె పనే. మిగతా ఇంటి పని ఆమెది కాదు. మొదటి బిడ్డకు మాకు బొడ్డు ఊడేదాకా ఎలా తుడవాలో కూడా తెలియదు. పదుల సంఖ్యలో పసివాళ్లను ఎత్తుకున్న ఆ చేతులు ఇంట్లో ఉన్నందుకే మా ఇద్దరికీ భయం పోయింది.

మొదటి ఉదయం ఆమె చేసిన పని ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ముదురు అల్లాన్ని తొక్కతోనే పుల్లల్లా సన్నగా తరిగి, చుక్క నూనె లేకుండా ఇనుప మూకుడులో వేసి, సన్న సెగ మీద కదుపుతూనే ఉంది. ముందు ఆవిరి వచ్చింది, తర్వాత ఘాటు, ఆ తర్వాత ఎండిన నారలాంటి వాసన. పుల్లలు ముడుచుకుని గోధుమరంగుకు తిరిగాక గుప్పెడు బియ్యం పోసి, అవీ ఎర్రబడేదాకా వేయించింది. చల్లారాక సీసాకెత్తి, రోజూ ఉదయం రెండు చెంచాలు ఫ్లాస్కులో వేసి మరిగే నీళ్లు పోసేది. అదే నా టీ. ఇంకో ఫ్లాస్కులో ఎర్ర ఖర్జూరాల నీళ్లు. ఖర్జూరం అంటారు గాని అది మన రేగు జాతి పండు. ఒక్కొక్క పండునూ చీల్చి గింజ తీసేది. గింజ ఉంటే వేడి చేస్తుందని వాళ్ల నమ్మకం. అందులో ఎండు లోంగాన్, డాంగ్ షెన్ అనే వేరు. చక్కెర వేయకపోయినా తియ్యగా ఉంటుంది.

ఆ తీపి బాగున్నా ఒక జాగ్రత్త అవసరం. కొందరు ఆంటీలు మంచినీళ్లు ముట్టనివ్వరు, ఈ నీళ్లే తాగాలంటారు. నేను అయిదు రోజులు అలాగే చేసి మలబద్ధకంతో కుట్ల దగ్గర నరకం చూశాను. కాచిన గోరువెచ్చటి నీళ్లు దాహమైనన్ని తాగుతానని ముందే చెప్పండి. గర్భంతో ఉన్నప్పుడు చక్కెర వ్యాధి వచ్చినవాళ్లు ఖర్జూరాల నీళ్లు రోజుకు ఒక కప్పుకు మించకుండా చూసుకోవాలి.

శాకాహారులు కుదుర్చుకునేముందే తేల్చుకోవాల్సిన విషయం వంట. ఈ ఆంటీల వంటకు ప్రాణం పంది మాంసం, కోడి, చేప. కాంటొనీస్ ఇళ్లలో పంది కాళ్లు, ముదురు అల్లం, గుడ్లు వేసి తియ్యటి నల్ల వెనిగర్‌లో కాచిన కూర లేకుండా పురుడు ఉండదు. పెద్ద కుండలో కాచి, చూడవచ్చిన చుట్టాలకు కూడా పంచుతారు. ఆ పులుపు వాసన తలుపులూ పరదాలూ పట్టేస్తుంది. అయితే బౌద్ధ శాకాహార వంట తెలిసిన ఆంటీలు కూడా ఉన్నారు. నువ్వుల నూనెలో అల్లం వేయించి, టోఫూ, నల్ల బీన్స్, చెట్టు మీద కాసే నల్ల పుట్టగొడుగులు, ఎర్ర ఖర్జూరాలతో వాళ్లు చేసే సూపు చాలా బాగుంటుంది. కావలసింది అదేనని ఏజెన్సీకి అయిదో నెలలోనే చెప్పాలి. ఎనిమిదో నెలలో అడిగితే దొరకరు. మీ మూకుళ్లలో మాంసం వండకూడదంటే ఒక మూకుడు, ఒక గిన్నె విడిగా కొనిపెట్టండి. ఆ పద్ధతి ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

ఆంటీని మాట్లాడుకునేటప్పుడు నేను అడగమని చెప్పే ప్రశ్నలు రెండే. బిడ్డను ఎలా పడుకోబెడతారు? వెల్లకిలా, పక్కన దిండ్లు లేకుండా అన్నదే సరైన జవాబు. పాలు చాలడం లేదనిపిస్తే ఏం చేస్తారు? వెంటనే డబ్బా పాలు కలుపుతానంటే మరొకరిని చూడండి. మళ్లీ మళ్లీ రొమ్ముకు పట్టిస్తానంటే ఆమెనే పెట్టుకోండి.

మందు: పెట్టె వేరు, వైద్యుడు వేరు

దుకాణాల్లో అమ్మే మందుల పెట్టెలు ఒక్కో రోజుకు ఒక పొట్లం చొప్పున కట్టి ఉంటాయి. ఈ ప్రాంతంలో ఈ వ్యాపారం చాలా పాతది. యూ యాన్ సాంగ్ అనే సంస్థ 1879లో మలేసియాలోని గోపెంగ్ అనే ఊళ్లో చిన్న దుకాణంగా మొదలైంది. పొట్లాలు శుభ్రంగా, నమ్మకంగా కనిపిస్తాయి. నా అభ్యంతరం నాణ్యత గురించి కాదు. పొట్లానికి మీ ఒంటి సంగతి తెలియదు. మీకు ఆపరేషన్ అయిందా, బీపీ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఎర్ర రక్తం ఇంకా పోతోందా అన్నవేవీ అది అడగదు.

లోపల ఏముంటుందో తెలుసుకుంటే విషయం అర్థమవుతుంది. అన్నింటికన్నా పేరున్నది షెంగ్ హువా టాంగ్ అనే కషాయం. 'పుట్టించి, కరిగించేది' అని అర్థం. కొత్త రక్తాన్ని పుట్టించి, పాతదాన్ని కరిగిస్తుందని. 17వ శతాబ్దపు వైద్యుడు ఫూ చింగ్‌జు పేరు మీద ఇది ప్రసిద్ధి. దినుసులు అయిదు. డాంగ్‌గ్వే అనే వేరు ఎక్కువ పాలు, తర్వాత చువాన్‌షియోంగ్ అనే వేరు, పీచ్ పండు గింజలోని పప్పు, మాడేలా వేయించిన శొంఠి, అతిమధురం. చివరి రెండూ మన వంటింట్లోనూ ఆయుర్వేద దుకాణంలోనూ దొరికేవే. ప్రసవమైన తొలి రోజుల్లో కొద్ది మోతాదులు ఇచ్చి ఆపేయాలన్నది చైనా వైద్యుల పద్ధతి. నెలంతా తాగే మందు కాదు. ఎర్ర రక్తం తగ్గి పది రోజులు దాటాకా అదే తాగుతూ ఉంటే రక్తస్రావం మళ్లీ పెరగవచ్చు. ఆ తర్వాతి వారాలకు నాలుగు దినుసుల సి వూ టాంగ్, ఎనిమిది దినుసుల బా జెన్ టాంగ్ అనే కషాయాలు, నడుముకు డూ జోంగ్ అనే చెట్టు బెరడు ఇస్తారు. జిన్‌సెంగ్ వంటి బలం మందులు ఇంకా తర్వాత, రక్తం పోవడం ఆగాకే.

ఇప్పుడు నా అనుభవం. మొదటి కాన్పు ఆపరేషన్. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కొన్ని రోజులు పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లు రాసి ఇంటికి పంపారు. నాలుగో రోజు ఉదయం ఆంటీ గిన్నెలో నల్లటి కషాయం తెచ్చింది. వాము, కొత్తిమీర కాడలు కలిసి మాడినట్టు ఒక వాసన. డాంగ్‌గ్వే ఆ కుటుంబపు మొక్కే. ఆ వాసన గుర్తుపట్టి, పొట్లం మీది పేర్లు ఫోనులో ఫొటో తీసి ఆసుపత్రి ఫార్మసీకి ఫోను చేసి చదివాను. అవతలి అమ్మాయి ఒక్క క్షణం ఆగి, 'ఇంజెక్షన్లు అయిపోయేదాకా అది వద్దండీ' అంది. డాంగ్‌గ్వే రక్తాన్ని పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచవచ్చు. అలాంటి మందుల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవారి విషయంలో ఇది బాగా తెలిసిన సంగతి. ఆంటీకి చెప్పగానే ఆమె మారు మాట్లాడకుండా గిన్నె తీసుకెళ్లింది. ఆమె తప్పేమీ లేదు. ఆ ఇంజెక్షన్ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

కాబట్టి చైనా మందు వాడాలనే ఉంటే పెట్టెకు బదులు వైద్యుణ్ణి ఎంచుకోండి. సింగపూర్‌లో 2000 సంవత్సరపు చట్టం ప్రకారం చైనా వైద్యం చేసేవారు ప్రభుత్వ బోర్డులో నమోదు కావాలి. ఆ పేర్లు బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. మంచి వైద్యుడు నాడి పట్టుకుంటాడు, నాలుక చూస్తాడు, రక్తం రంగు అడుగుతాడు, పాలు పడుతున్నాయా అని అడుగుతాడు. ఆసుపత్రి మందుల కాగితం చూపిస్తే పక్కన పెట్టకుండా చదువుతాడు. చదవని వైద్యుడి దగ్గర మందు తీసుకోకండి. అటువైపు ప్రసవం చేసిన డాక్టరుకు కూడా ఈ సంగతి చెప్పాలి. గర్భసంచి కుంచించుకోవడానికి ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు, షెంగ్ హువా టాంగ్ రెండూ ఒకేసారి వేసుకోకూడదు. బీపీ వచ్చినవాళ్లకు అతిమధురం పనికిరాదు. అది బీపీని పెంచుతుంది, ఒంట్లో పొటాషియాన్ని తగ్గిస్తుంది. మన ఇళ్లలో దగ్గుకు అతిమధురం నమిలిస్తాం కదా, ఆ అలవాటుకూ ఇదే వర్తిస్తుంది.

పాల విషయంలో ఒక దినుసు పేరు తెలిసి ఉండాలి. వేయించిన బార్లీ మొలకలు. చైనా వైద్యంలో పాలు మాన్పించడానికి ఇచ్చే మందు అది. అరుగుదలకని ఎవరైనా కషాయంలో వేస్తే, పాలిచ్చే తల్లి వద్దనాలి. పాలు పడటానికి వాళ్లు పచ్చి బొప్పాయి వేసిన చేపల సూపు పెడతారు. మన కోస్తాలో పాలసొర చేప, ఇంటింటా వెల్లుల్లి, మెంతులు. నా అనుభవంలో ఇవేవీ బిడ్డ నోటికి సాటి రావు. ఎన్నిసార్లు పట్టిస్తే అన్ని పాలు.

రక్తం పట్టడానికి ఈ కషాయాలు చాలని అనుకోవడం పొరపాటు. ప్రసవం తర్వాత హిమోగ్లోబిన్ ఎంతుందో అడిగి తెలుసుకోండి. రక్తహీనత ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ప్రసవం తర్వాత 6 నుంచి 12 వారాల పాటు ఐరన్ మాత్రలు వేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రను ఏ కషాయం కోసమూ ఆపకండి.

బిడ్డ నోట్లో ఏదీ వద్దు

ఈ విషయంలో నాకు రాజీ లేదు. హువాంగ్ లియాన్ అనే చేదు వేరును పసివాళ్లకు వేడి తగ్గడానికి, కామెర్లు పోవడానికి ఇవ్వడం పాత చైనా అలవాటు. అందులోని బెర్బెరిన్ అనే పదార్థం వల్ల, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లల్లో కామెర్లు ముదురుతాయన్న భయంతో సింగపూర్ 1978లో దాన్ని నిషేధించింది. 2013 నుంచి ఆ నిషేధం సడలింది గాని, ఆ లోపం ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సిన అవసరం అలాగే ఉంది. సింగపూర్‌లో 1965 నుంచీ పుట్టిన పిల్లలకు జీ6పీడీ పరీక్ష చేస్తున్నారు. ఫలితం ఏమిటో అడిగి రాసిపెట్టుకోండి. మనవాళ్లలోనూ ఈ లోపం ఉంది. లోపం ఉంటే ఊరి నుంచి వచ్చిన పాత పసిబట్టల పెట్టెలో కలరా ఉండలు ఉన్నాయేమో కూడా చూడాలి. ఆ వాసన తగిలిన బట్టలు తొడిగినా ప్రమాదమే.

చైనావాళ్లు పసివాళ్లకు పట్టే ముత్యాల పొడి, హువాంగ్ లియాన్ ఎలా వద్దో, మన వస గంధం, ఆముదం చుక్క, తేనె కూడా అలాగే వద్దు. మా అమ్మతో నాకు రెండో కాన్పులో జరిగిన ఒకే ఒక్క గొడవ వస కొమ్ము దగ్గర. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు.

సారా, అల్లం, మూసిన కిటికీలు

సారా పోసి వండిన కోడి గురించి అందరూ అడుగుతారు. ఉడికితే మద్యం పోతుంది కదా అని. మొత్తం పోదు. గంటసేపు ఉడికించిన కూరలో కూడా పోసినదానిలో దాదాపు నాలుగో వంతు మిగలవచ్చు. పాలిస్తున్నంత కాలం సారా లేకుండా, అల్లం, నువ్వుల నూనె మాత్రమే వేసి వండమని చెప్పండి. రుచి పెద్దగా తగ్గదు.

ముందు చెప్పిన కలగాపులగం సంగతి ఇది. ఉదయం అమ్మ చేతి శొంఠి ముద్ద, పిప్పళ్ల కాయం. పది గంటలకు వేయించిన అల్లం టీ. మధ్యాహ్నం నువ్వుల నూనె కోడి. సాయంత్రం డాంగ్‌గ్వే. ఇదంతా ఒక్క ఒంట్లోకి వెళితే నోరు పూస్తుంది, మలబద్ధకం వస్తుంది, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఒక పద్ధతిని ఎంచుకుంటే నెలంతా దానిలోనే ఉండండి. ఆంటీ ఉన్న నెలలో కాయం వద్దు. అమ్మ ఉన్న నెలలో చైనా కషాయం వద్దు. అన్నం, చారు, బీరకాయ కూర ఎప్పుడైనా తినవచ్చు, వాటితో ఇబ్బంది లేదు.

తల స్నానం, కిటికీల నిషేధాల్ని రెండు సంప్రదాయాల్లోనూ వదిలేయండి. వేడి నీళ్లతో స్నానం చేసి, తల వెంటనే ఆరబెట్టుకుంటే చాలు. సింగపూర్ ఉక్కపోతలో కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని పడుకోవడం అపాయం. చైనాలో వేసవిలో ఇలాగే మూసిన గదుల్లో వడదెబ్బతో బాలింతలు చనిపోయిన వార్తలు వచ్చాయి. నెల కూర్చోవడమంటే మంచం దిగకపోవడం కాదు. ఇంట్లో నెమ్మదిగా నడవాలి. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు.

ఇక్కడ మలయ్ స్త్రీలు చేసే మర్దన కూడా బాగా దొరుకుతుంది. వాళ్ల పథ్యం 44 రోజులు. బెంకుంగ్ అనే పొడవాటి గుడ్డతో నడుము కట్టడం వాళ్ల ప్రత్యేకత. మామూలు కాన్పు అయితే హాయిగా చేయించుకోండి. ఆపరేషన్ అయితే డాక్టరు సరేనన్నాకే. పిక్క ఒకవైపు వాచి నొప్పి పెడుతుంటే అక్కడ మర్దన చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. గంటలో ప్యాడు నిండేంత రక్తం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, చెడు వాసన, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ఆయాసం, బతకాలని లేదనిపించడం, వీటిలో ఏది కనిపించినా కషాయం మాట ఎత్తకుండా బయల్దేరండి. అర్ధరాత్రి అయినా సరే.

ఎవరికి ఏది

మొదటి కాన్పు, ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే, చేతిలో డబ్బు ఉంది: ఆంటీని పెట్టుకోండి, మందుల పెట్టె కొనకండి. వండి తెచ్చిచ్చే పురిటి భోజనాల సంస్థలు రెండో స్థానంలో వస్తాయి. తిండి బాగానే ఉంటుంది గాని రాత్రి మనిషి ఉండదు. భర్త నెల రోజులు సెలవు పెట్టగలిగితే ఆంటీకయ్యే ఖర్చులో సగం లోపే ఈ దారి కుదురుతుంది. తల్లీబిడ్డలు వెళ్లి ఉండే పురిటి కేంద్రాలు చాలా ఖరీదు. పెద్ద బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లకు అసలు నప్పవు. వెళ్లాలనుకుంటే బిడ్డను రాత్రిళ్లు తల్లి గదిలోనే ఉంచనిస్తారో లేదో ముందు అడగండి.

ఆపరేషన్, రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు, బీపీ, థైరాయిడ్ మాత్రలు, వీటిలో ఏది ఉన్నా చైనా మందు జోలికి వెళ్లవద్దు. సూపులు, అల్లం టీ తాగండి. అవి వంటలే. మందు కావాలనిపిస్తే ఆరు వారాల తనిఖీ అయ్యాక నమోదైన వైద్యుడి దగ్గరకు వెళ్లవచ్చు. ఆ తనిఖీ మానకండి. అంతకుముందు రెండు, మూడో రోజుల్లో ఒకసారి, రెండో వారంలో ఒకసారి తల్లీబిడ్డల్ని చూపించాలని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చైనా వంట అస్సలు సయించని శాకాహారులకు, రెండో కాన్పు వాళ్లకు అమ్మే మేలు. నా రెండో పురుట్లో అమ్మ పెట్టిన కరివేపాకు కారం, నెయ్యి అన్నం తింటూ ఏడ్చాను. ఆ రుచి ఇచ్చిన ధైర్యం ఏ దినుసులోనూ లేదు. కానీ అమ్మకు అరవై దాటింది. పగలు వంట, రాత్రి మనవరాలు, పెద్దవాడి బడి. పదిహేనో రోజుకు ఆమె మోకాళ్లు వాచాయి. ఆమెను పడుకోబెట్టి నేను లేచాను. అమ్మను పిలిపించుకుంటే అంట్లు, బట్టలకు గంటల లెక్కన వచ్చే పనిమనిషిని తప్పకుండా పెట్టుకోండి.

అమ్మ వచ్చే తేదీ గురించి ఎవరూ ఆలోచించరు. భారత్ నుంచి వచ్చేవారికి ఇచ్చే మామూలు సందర్శన పాస్ గడువు 30 రోజులే. పొడిగింపు దొరుకుతుందని ముందే అనుకోకూడదు. డాక్టరు చెప్పిన తేదీకి వారం ముందు అమ్మ దిగి, కాన్పు వారం ఆలస్యమైతే సగం గడువు ఎదురుచూపుల్లోనే పోతుంది. కళ్ల ముందు కాన్పు కావాలని ప్రతి తల్లికీ ఉంటుంది, ఆ కోరికను కాదనడం కష్టం. అయినా ఆంటీని పెట్టుకోగలిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి మూడు వారాలు ఆంటీకి వదిలేసి, అమ్మను ఇరవై రెండో రోజుకు రప్పించండి. ఆంటీ దగ్గర ఆరు రోజులు చూసి, బిడ్డ ఏ వేళకు లేస్తుందో, ఎలా ఎత్తుకుంటే ఊరుకుంటుందో అమ్మ తెలుసుకుంటుంది. ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం ఆంటీ చేతిలో ఎర్ర కవరు పెట్టి పంపుతారు. నా మొదటి పురుట్లో ఆ మర్నాడు ఉదయం ఫ్లాస్కులు రెండూ ఖాళీగా ఉన్నాయి, ఆయన ఆఫీసుకు వెళ్లారు, బిడ్డ ఆపకుండా రెండు గంటలు ఏడ్చింది. ఆ ఇరవై తొమ్మిదో రోజుకు ఇంట్లో ఎవరుంటారో ఇప్పుడే, ఏడో నెలలోనే, పేరు రాసి పెట్టుకోండి.